నొప్పి తగ్గింది సరే... బలం తిరిగి వచ్చిందా?

చికిత్సా వ్యాయామం: ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిన ఆరు సూత్రాలు



సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం. ఆ సందర్భంగా ఈ నెల ఆరోగ్య పాఠంలో, దెబ్బ తగిలిన తర్వాత పిల్లలతో చేయించే వ్యాయామాల గురించి మాట్లాడుకుందాం. 'మా పిల్లలకు ఏమీ కాలేదు కదా' అని పేజీ తిప్పేయకండి. ఆడుకునే పిల్లలున్న ఇంట్లో ఈ అవసరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఆటలో దెబ్బ తగిలితే మనం చేసేది సాధారణంగా ఇదే. వెంటనే ఆసుపత్రికి పరుగెడతాం. ఎక్స్‌రే తీయిస్తాం. మాత్రలు టైము తప్పకుండా వేస్తాం. కట్టు విప్పిన రోజు చీటీలో చివరి లైనుగా డాక్టరుగారు 'ఫిజియోథెరపీ' అని రాస్తారు. మొదటి నాలుగు రోజులు శ్రద్ధగా తీసుకెళ్తాం. ఐదో రోజుకు బాబు కుంటకుండా నడుస్తాడు. ఆ శనివారం యూనిట్ టెస్ట్ ఉంటుంది. 'నొప్పి లేదంటున్నాడు కదా, ఇంకెందుకు' అనుకుంటాం. అక్కడితో ఫిజియోథెరపీ ఆగిపోతుంది.

రెండు నెలలకు అదే కాలు మళ్లీ మడత పడుతుంది. 'వీడి కాలు అంతే, బలహీనం' అంటాం. నిజానికి కాలు బలహీనం కాదు, చికిత్స సగంలో ఆగింది. నొప్పి తగ్గడం ఒకటి, బలం తిరిగి రావడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని దాటించేదే చికిత్సా వ్యాయామం.

ఇది డ్రిల్లు కాదు, మందు

పీఈటీ పీరియడ్‌లో చేయించే వ్యాయామం అందరికీ ఒకటే. చికిత్సా వ్యాయామం అలా కాదు. ఫలానా పిల్లవాడికి, ఫలానా కీలుకి, ఫలానా దశలో, ఫలానా లెక్కలో ఇచ్చేది. అందుకే దాన్ని మందు చీటీ లాగే రాస్తారు. '10 సార్లు, 3 విడతలు, రోజుకు 2 పూటలు' అని ఉంటే, అది '5 ఎంఎల్, రోజుకు 2 సార్లు' అన్నట్టే లెక్క. సిరప్‌ను మన ఇష్టం వచ్చినంత పోయం కదా, దీన్నీ అలాగే చూడాలి.

ఫిజియోథెరపిస్టు మొదటి రోజు చేసేది పరీక్ష. కీలు ఎంతవరకు వంగుతోందో కోణమానిని లాంటి పరికరంతో డిగ్రీల్లో కొలుస్తారు. వాపు చూస్తారు. నడక చూస్తారు. కండరాల బలానికి 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. ఇప్పటికీ వాడుకలో ఉంది.

0 - కండరంలో చలనమే లేదు.
1 - కండరం కాస్త అదురుతుంది, కీలు కదలదు.
2 - బరువు లేకుండా పక్కకు జరపగలరు, పైకి ఎత్తలేరు.
3 - తన బరువును తాను ఎత్తగలరు, ఇంకేమీ ఆపలేరు.
4 - మనం చేత్తో అడ్డుపెట్టినా కొంతవరకు నెట్టగలరు.
5 - మామూలు బలం.

ఇందులో 3వ మార్కు దగ్గర ఒక్క క్షణం ఆగండి. కాలు ఎత్తమంటే ఎత్తుతాడు. దించమంటే దించుతాడు. ఇంట్లో చూసేవాళ్లకు 'బాగానే ఉంది' అనిపిస్తుంది. కానీ మెట్లు దిగడానికి, పరుగెత్తుతూ మలుపు తిరగడానికి, ఎగిరి దూకి నిలబడడానికి 3 చాలదు. మార్కుల షీటులో ఐదుకు మూడు వస్తే మనం ఊరుకోం. కాలి విషయంలో మాత్రం ఊరుకుంటున్నాం.

కట్టులో ఉన్నన్నాళ్లూ ఏం జరుగుతుంది?

శరీరం చాలా పొదుపరి. వాడని దాన్ని పోషించదు. కట్టులో ఉన్న కొద్ది వారాల్లోనే కండరం సన్నబడుతుంది. కట్టు విప్పగానే రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటుంది. ఎముకలో ఖనిజం కొంత తగ్గుతుంది. ఎముక తనపై పడే భారాన్ని బట్టి తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వుల్ఫ్ 1892లో పుస్తకమే రాశాడు. భారం పడితే గట్టిపడుతుంది, పడకపోతే పలుచబడుతుంది.

అంటే విరిగిన చోట అతకడానికి కట్టు అవసరం. కానీ ఆ కట్టు వల్ల పోయినదాన్ని మాత్రలు తిరిగి ఇవ్వలేవు. కదలిక వల్లే అది తిరిగి రావాలి.

ఈ సంగతి వైద్య ప్రపంచానికి గట్టిగా చెప్పినవారిలో అమెరికా వైద్యుడు థామస్ డిలోర్మ్ ఒకరు. చిన్నతనంలో ఆయనకు రుమాటిక్ జ్వరం వచ్చి నెలల తరబడి మంచంలో ఉండిపోయాడు. తర్వాత బరువులు ఎత్తుతూ బలం తెచ్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, మోకాలి దెబ్బలతో వచ్చిన సైనికులతో అదే పద్ధతిలో వ్యాయామాలు చేయించాడు. 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మొదట్లో ఆయన దాన్ని 'భారీ బరువుల వ్యాయామం' అన్నాడు. మూడేళ్ల తర్వాత, 1948లో, ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి ఆ పద్ధతిని సరిదిద్దినప్పుడు 'క్రమంగా పెంచే వ్యాయామం' అని పేరు మార్చాడు. ఆ పేరు మార్పులోనే మనకు కావలసిన పాఠమంతా ఉంది. బరువు ఎంత అన్నదానికన్నా, దాన్ని ఎంత క్రమంగా పెంచామన్నది ముఖ్యం.

ఇక ఆరు సూత్రాలు

అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. తొమ్మిదో తరగతి అమ్మాయి. ఖోఖోలో స్తంభం దగ్గర మలుపు తిరుగుతూ కాలు లోపలికి మడత పడింది. చీలమండ బయటి వైపు వాచింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, లిగమెంటు సాగింది అన్నారు. ఈ అమ్మాయితోనే ఆరు సూత్రాలూ చూద్దాం.

1. అలవాటైన దానికంటే కాస్త ఎక్కువ

కండరాన్ని రోజూ చేసే పనికంటే కొంచెం ఎక్కువ అడిగితేనే అది బలపడుతుంది. హాలులోంచి వంటగదిలోకి నడిస్తే 'నడుస్తోందిగా, అదే వ్యాయామం' అనుకుంటాం. ఆ నడకకు అవసరమైనంత బలం దగ్గరే కాలు ఆగిపోతుంది. మడమలు పైకెత్తి మునివేళ్ల మీద నిలబడితే పిక్క మీద అలవాటుకు మించిన పని పడుతుంది. ఆ 'కాస్త ఎక్కువ' దగ్గరే మార్పు మొదలవుతుంది.

2. మెట్టు తర్వాత మెట్టు

ఆ అమ్మాయి మొదట రెండు కాళ్ల మీద మడమలు ఎత్తాలి. అది తేలికయ్యాక బరువు ఎక్కువగా దెబ్బ తగిలిన కాలి మీద వేసి ఎత్తాలి. ఆ తర్వాత ఒంటికాలి మీద. ఒకేసారి ఒకే అంశాన్ని పెంచాలి. ఎన్నిసార్లో పెంచితే బరువు పెంచకూడదు, బరువు పెంచితే సంఖ్య పెంచకూడదు. త్వరగా తగ్గాలని పది చెప్తే ముప్పై చేయించడం, మూడు పూటల సిరప్ ఒకేసారి తాగించడం లాంటిది.

మొదటి కొన్ని వారాల్లో కాలు లావెక్కదు. కానీ బలం పెరుగుతుంది. దానికి కారణం, మెదడు నుంచి కండరానికి వెళ్లే నరాల ఆదేశాలు మెరుగుపడడం. చిన్న పిల్లల్లో బలం ఎక్కువగా ఇలాగే వస్తుంది. అందుకే 'ఆడపిల్లకు కండలు వస్తాయేమో' అన్న భయం అక్కర్లేదు. 'చేస్తున్నా ఏం మార్పు కనబడటంలేదు' అన్న నిరాశా అక్కర్లేదు.

3. ఏది సాధన చేస్తే అదే వస్తుంది

లెక్కలు చేస్తే లెక్కలు వస్తాయి, హిందీ రాదు. శరీరమూ అంతే. మంచం మీద పడుకుని పాదం ఎంత ఆడించినా ఒంటికాలి మీద నిలబడడం దానంతట అది రాదు. బెణికినప్పుడు లిగమెంటుతోపాటు మరొకటి దెబ్బతింటుంది. కళ్లు మూసుకున్నా మన పాదం ఏ కోణంలో ఉందో మనకు తెలుస్తుంది కదా, ఆ తెలివి మందగిస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట పాదం సమయానికి సర్దుకోలేదు. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

దీనికి మందు నిలకడ సాధన. గోడ పక్కన ఒంటికాలి మీద అర నిమిషం నిలబడాలి. అది వచ్చాక కళ్లు మూసుకుని. అదీ వచ్చాక మడతపెట్టిన దుప్పటి మీద. చివరికి ఖోఖోలో ఆమెకు కావలసింది మలుపు కాబట్టి, వంకర పరుగు, ఆగడం, మలుపు తిరగడం కూడా చేయించాలి. మైదానంలో అవసరమైన పనిని సాధనలో చేయకుండా మైదానంలోకి పంపితే, పరీక్ష అక్కడే మొదలవుతుంది.

4. ఆపితే పోతుంది

వ్యాయామంతో వచ్చిన బలం డిపాజిట్ చేసిన డబ్బు కాదు, అలాగే ఉండిపోవడానికి. ఆపేస్తే తరిగిపోతుంది. అందుకే ఫిజియోథెరపిస్టు ఆపమన్న తర్వాత కూడా వారానికి రెండు మూడు రోజులు కొన్ని వ్యాయామాలు కొనసాగించమంటారు. తర్వాత ఆటే ఆ పని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేంత కదలిక ఉండాలి. అందులో వారానికి కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే ఆటలు ఉండాలి.

5. ఎవరి చీటీ వారిది

పక్క ఫ్లాట్ వాళ్ల అబ్బాయికీ చీలమండే బెణికి ఉండొచ్చు. ఆ కాగితం మన అమ్మాయికి పనికిరాదు. ఫోన్లో చూసిన వీడియో కూడా అంతే. వయసు, దెబ్బ తీవ్రత, ఎన్నో వారం అన్నవి మారితే వ్యాయామం మారుతుంది.

ఎదిగే పిల్లల విషయంలో ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. వాళ్ల పొడవాటి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మెత్తని భాగం ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెద్దవాళ్లలో లిగమెంటు సాగే దెబ్బకు పిల్లల్లో ఒక్కోసారి ఆ గ్రోత్ ప్లేటే దెబ్బతింటుంది. కాబట్టి 'బెణుకేలే' అని మనకు మనమే తేల్చుకోకూడదు.

6. విశ్రాంతి కూడా చికిత్సే

వ్యాయామం కండరాన్ని అలసిపోయేలా చేస్తుంది, విశ్రాంతిలో అది తేరుకుని బలపడుతుంది. ఒక విడతకీ మరో విడతకీ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. బరువుతో చేసే వ్యాయామాలకు మధ్యలో ఒక రోజు విరామం ఇస్తారు. రాత్రి పదకొండు దాకా చదివించి, ఐదింటికే లేపి వ్యాయామం చేయించినా ఫలితం సగమే. నిద్ర, తిండి, నీళ్లు కూడా ఈ చీటీలో భాగమే.

వరుస తప్పకూడదు

సాగిన లిగమెంటు ఒక్క రోజులో మానదు. మొదటి కొన్ని రోజులు వాపు, నొప్పి. తర్వాతి వారాల్లో కొత్త కణజాలం అల్లుకుంటుంది. అది లేతగా ఉంటుంది. ఆ తర్వాత నెలల తరబడి అది తనపై పడే లాగుడును బట్టి గట్టిపడుతూ ఉంటుంది. నొప్పి సాధారణంగా తగ్గిపోయేది రెండో దశలోనే. సరిగ్గా మనం వ్యాయామం ఆపేసేది కూడా అప్పుడే.

మన ఖోఖో అమ్మాయికి వరుస దాదాపు ఇలా ఉంటుంది. ఏ మెట్టు ఎప్పుడన్నది ఫిజియోథెరపిస్టు చెప్పాలి.

మొదట కదలిక. కుర్చీలో కూర్చుని, బొటనవేలితో గాల్లో అ, ఆ, ఇ, ఈ రాయడం. పాదం అన్ని వైపులా తిరుగుతుంది, పిల్లలకు విసుగూ రాదు.

తర్వాత బలం. పాదం బయటి అంచును గోడకు ఆనించి కదపకుండా నొక్కి ఐదు లెక్కపెట్టడం. ఆ తర్వాత రబ్బరు బ్యాండుతో, మడమలెత్తుతూ.

తర్వాత నిలకడ. ఒంటికాలి మీద నిలబడడం. పళ్లు తోముకునే రెండు నిమిషాలు దీనికి చక్కగా సరిపోతాయి.

తర్వాత చిన్న గెంతులు, తిన్నని పరుగు, వంకర పరుగు.

చివరగా ఆట. మొదట ప్రాక్టీసులో కొంతసేపు, ఆ తర్వాతే మ్యాచ్.

ఆటకు తిరిగి పంపే ముందు ఇంట్లోనే ఒకసారి చూడండి. దెబ్బ తగిలిన కాలి మీద, బాగున్న కాలి మీద విడివిడిగా నిలబడమనండి, మడమ ఎత్తమనండి, గెంతమనండి. రెండు కాళ్ల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకా సమయం ఉందని అర్థం. అదే మాట ఫిజియోథెరపిస్టుకు చెప్పండి.

మోచేయి విషయంలో ఒక హెచ్చరిక

ఇంతసేపూ 'చేయించండి' అని చెప్పాం. ఇప్పుడు 'చేయకండి' అని చెప్పాల్సిన మాట ఒకటుంది. చిన్న తరగతుల పిల్లల తల్లిదండ్రులు, ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా దయచేసి ఇది చదవాలి.

ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలు జారుడుబల్ల మీంచో, మంచం మీంచో పడుతూ చేయి చాపి నేలకు ఆనిస్తారు. మోచేతికి కాస్త పైన ఎముక విరుగుతుంది. ఈ వయసులో మోచేతి దగ్గర ఎక్కువగా కనిపించే విరుపు ఇదే. కట్టు విప్పాక చేయి పూర్తిగా చాచలేరు, పూర్తిగా మడవలేరు. అది చూసి మన గుండె జారుతుంది. 'నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే సాగుతుంది' అని ఎవరో ఒకరు అంటారు. ఇంకొకరు చేయి పట్టుకుని బలవంతంగా లాగుతారు. నీళ్ల బకెట్టు మోయిస్తే చేయి సాగుతుందని కూడా అంటుంటారు.

వద్దు. మోచేయి దగ్గర గట్టి మర్దన, బలవంతపు లాగుడు చాలా చెరుపు చేస్తాయి. దెబ్బతిన్న కండరంలో ఎముక లాంటి గట్టి పదార్థం పేరుకుపోవచ్చు. దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. అది వస్తే ముందు వంగిన చేయి కూడా వంగకుండా పోతుంది. ప్రేమతో చేసిన పని పిల్లవాడి చేతికి శాశ్వతంగా అడ్డమవుతుంది.

ఇక్కడ సరైన వ్యాయామం పిల్లవాడు తనంతట తాను చేసేదే. చేయి పైకి చాచి గోడ మీద బొమ్మ గీయడం, బంతి మెల్లగా విసరడం, తన అన్నం తాను కలుపుకుని తినడం, చొక్కా తానే తొడుక్కోవడం. చాలామంది పిల్లల్లో వారాలు, నెలలు గడిచేకొద్దీ కదలిక ఇలాగే తిరిగి వస్తుంది. డాక్టరుగారు చెప్పిన తేదీకి చూపించండి, మధ్యలో ఓపిక పట్టండి.

కట్టు ఉన్నప్పుడు మాత్రం ఇవి గమనించండి: వేళ్లు చల్లబడడం, నీలంగానో పాలిపోయినట్టో మారడం, తిమ్మిరి, వేళ్లు కదపలేకపోవడం, మాత్రకు లొంగని విపరీతమైన నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నొప్పి వస్తే ఆపాలా?

ఇది తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న. రోడ్డు మీద సిగ్నల్ గుర్తు పెట్టుకోండి.

ఆకుపచ్చ: చేస్తున్నప్పుడు కండరం లాగినట్టు, అలసినట్టు ఉంటుంది. కాసేపటికి పోతుంది. కొనసాగించవచ్చు.

పసుపు: చేశాక నొప్పి పెరిగి మర్నాడు పొద్దున కూడా ఉంది, లేదా వాపు కొంచెం పెరిగింది. మోతాదు ఎక్కువైంది. ముందు రోజు మెట్టుకు దిగండి, ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేయండి.

ఎరుపు: పొడిచినట్టు నొప్పి, కీలు పట్టేయడం, కాలు మీద బరువు వేయలేకపోవడం, తిమ్మిరి. ఆపండి, డాక్టరుకు చూపించండి.

దెబ్బ తగిలిన రోజే చూడాల్సింది ఇంకొకటి ఉంది. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ దగ్గర పొడుచుకొచ్చిన ఎముకల మీద నొక్కితే నొప్పి అంటున్నా ఎక్స్‌రే అవసరమో లేదో డాక్టరు తేల్చాలి. దెబ్బేమీ తగలకుండానే కుంటుతూ జ్వరం కూడా ఉంటే అదే రోజు చూపించాలి. రాత్రుళ్లు నిద్ర లేపే నొప్పిని 'ఎదిగే నొప్పులు' అని సరిపెట్టుకోకుండా ఒకసారి డాక్టరుకు చెప్పాలి.

పిల్లవాడు నొప్పి అన్నప్పుడు 'నాటకాలాడకు' అనకండి. అలా ఒకసారి అంటే, నిజంగా ఆపాల్సిన నొప్పి వచ్చినప్పుడు కూడా చెప్పడు.

పరీక్షలు ఉన్నాయి, టైమెక్కడ?

మాకు తెలుసు. బస్సు, స్కూలు, స్టడీ అవర్, హోంవర్క్ అయ్యేసరికి రాత్రవుతుంది. కానీ ఇంటి దగ్గర చేసే వ్యాయామాలకు చాలాసార్లు గంట అక్కర్లేదు. పది నిమిషాల చొప్పున రెండు పూటలు చాలు. చదువు మధ్యలో లేచి చేసే ఐదు నిమిషాలు చదువుకీ మేలే.

వ్యాయామాల కాగితాన్ని ఫైల్లో పెట్టకండి. ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

దాని పక్కన చిన్న క్యాలెండర్ పెట్టండి. చేసిన పూట పిల్లవాడే టిక్కు పెట్టుకోవాలి.

బరువులు కొననక్కర్లేదు. లీటరు నీళ్ల సీసా దాదాపు కిలో బరువు. ఎంత బరువన్నది మాత్రం ఫిజియోథెరపిస్టునే అడగండి.

అమ్మో, నాన్నో పక్కన నిలబడి తామూ చేయాలి. రోజంతా కూర్చుని పనిచేసే మనకూ అది మంచిదే.

ఒక పూట తప్పితే మర్నాడు రెట్టింపు చేయించకండి. మామూలు మోతాదుతోనే కొనసాగించండి.

మొదటి రోజు ఫిజియోథెరపిస్టును అడగాల్సినవి

ఈ వ్యాయామం దేనికోసం, కదలికకా, బలానికా, నిలకడకా?
ఎన్నిసార్లు, ఎన్ని విడతలు, రోజుకు ఎన్ని పూటలు?
ఎంత నొప్పి వరకు పర్వాలేదు?
ఎప్పుడు తర్వాతి మెట్టుకు వెళ్లాలి? అది ఎలా తెలుస్తుంది?
ఏ పనులు అస్సలు చేయకూడదు?
ఆటకు పంపేముందు ఏ పరీక్ష చేస్తారు?

సమాధానాలు రాసుకోండి. వీలైతే మీరు చూస్తుండగా పిల్లవాడితో ఒకసారి అక్కడే చేయించమనండి. ఇంటికొచ్చాక 'ఇలాగేనా?' అన్న అనుమానం ఉండదు.

స్కూలుకు ఏం చెప్పాలి?

డైరీలో చాలామంది 'పీఈటీ పీరియడ్ వద్దు' అని ఒక్క లైను రాసి పంపుతారు. అలా రాస్తే పిల్లవాడు నెలంతా బెంచీ మీద కూర్చుంటాడు. కాలికి దెబ్బ తగిలితే చేతులు, నడుము కూడా బలం కోల్పోతాయి, మనసూ చిన్నబోతుంది. దాని బదులు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో రాయండి. 'నడవొచ్చు, బంతి విసరొచ్చు, పరుగు, గెంతు వద్దు, ఫలానా తేదీ వరకు' అని రాస్తే పీఈటీ సార్, మేడమ్ దానికి తగ్గట్టు పని ఇవ్వగలరు. డాక్టరుగారి కాగితం ఫొటోకాపీ జతచేయండి. పై అంతస్తు తరగతి గది, బ్యాగు బరువు, బస్సు మెట్లు ఇబ్బందిగా ఉంటే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి.

ఆటల పోటీలు దగ్గరపడుతున్నప్పుడు 'ఈ ఒక్క మ్యాచ్ ఆడనివ్వండి' అని పిల్లలు బతిమాలుతారు. కొన్నిసార్లు టీమ్ కూడా అడుగుతుంది. ఆ ఒక్క మ్యాచ్‌కు ఒప్పుకోకపోతే అమ్మాయి ఒక పూట ఏడుస్తుంది. ఒప్పుకుంటే ఏడాది ఆట పోవచ్చు. 'లేదు' అని చెప్పే కష్టమైన పని పెద్దవాళ్లం మనమే చేయాలి.

ఈ వారం ఒక్క పని

మీ ఇంట్లో గత ఏడాది కాలంలో కట్టు వేయించుకున్న, బెణికిన పిల్లలు ఉంటే ఈ ఆదివారం ఒంటికాలి మీద నిలబడమనండి. ముందు బాగున్న కాలు, తర్వాత దెబ్బ తగిలిన కాలు. ముప్పై లెక్కపెట్టండి. పక్కనే నిలబడి, పడకుండా చూసుకోండి. రెండూ సమానంగా ఉంటే సంతోషం. దెబ్బ తగిలిన కాలు పదికే తడబడితే, సగంలో ఆగిన ఆ ఫిజియోథెరపీ కాగితం ఎక్కడుందో వెతకండి. ఫిజియోథెరపిస్టును మళ్లీ కలవండి. ఆలస్యమైనా ఇప్పుడు మొదలుపెట్టినా కండరం స్పందిస్తుంది.

నొప్పి పోయిన రోజు చికిత్స అయిపోయిన రోజు కాదు. రెండు కాళ్లూ ఒకేలా నిలబడిన రోజు, మైదానంలోకి వెళ్లనివ్వండి.

– శారీరక విద్య, ఆరోగ్య విభాగం

గమనిక: ఈ వ్యాసం అవగాహన కోసమే. మీ పిల్లల వ్యాయామాలను డాక్టరు, అర్హత గల ఫిజియోథెరపిస్టు చూసి నిర్ణయించాలి.